ఉపమ, ఉవమై, సిమిలీ: మూడు తరగతుల్లో మూడు పేర్లు ఎందుకు కలవవు?

చెన్నైలో తెలుగింటి పిల్లలకు పరీక్షల ముందు వచ్చే తికమక ఒకటుంది. ఇంగ్లీషు టీచరు మెటఫర్ అని చెప్పినదాన్ని తెలుగు పంతులమ్మ ఒక వాక్యంలో రూపకమంటుంది, ఇంకో వాక్యంలో అతిశయోక్తి అంటుంది. తమిళ అయ్యా ఎదుగై అని బోర్డు మీద గీత గీసి చూపించింది తెలుగులో ప్రాస అవుతుంది. ఇంట్లోవాళ్ళేమో సినిమా పాటలో పాదాల చివర కలిసే అక్షరాలనే ప్రాస అంటారు. తమిళనాడు 2006లో తెచ్చిన చట్టంతో తమిళం ఒక్కో తరగతికీ తప్పనిసరి అవుతూ వచ్చింది. అప్పటినుంచీ తెలుగు కూడా చదివే పిల్లల సంచిలో మూడు భాషల వ్యాకరణ పుస్తకాలు ఒకేసారి ఉంటున్నాయి.

ఇంగ్లీషు పేరు, తెలుగు పేరు, తమిళ పేరు పక్కపక్కన రాసిన పట్టిక ఒకటి దొరికితే చాలునని తల్లిదండ్రులు అనుకుంటారు. అలాంటి పట్టికలు చాలానే తిరుగుతున్నాయి, కానీ అవి చెప్పేది సగం నిజమే. ఈ పేర్ల వెనకున్న మూడు శాస్త్రాలూ కవిత్వాన్ని అడిగే ప్రశ్నలు వేరు కాబట్టి పేర్లు గడికి గడి సరిపోవు. అలంకారశాస్త్రం అడిగేది: రెండు వస్తువుల్ని కవి ఏ సంబంధంలో నిలబెట్టాడు? ఛందస్సు అడిగేది: ఏ అక్షరం ఏ చోట పడింది? శబ్దవృత్తుల చర్చ అడిగేది: మాట నుంచి అర్థం ఏ దారిన వచ్చింది? ఇంగ్లీషు పాఠంలో ఈ మూడింటినీ కలిపి లిటరరీ డివైసెస్ అని ఒకే మూటలో కట్టి ఇస్తారు. తికమక చాలావరకు ఆ మూటలోనే ఉంది.

ఒకే ఎండకు ఎన్ని అలంకారాలు

మే నెల తీసుకుందాం. చెన్నైలో దాన్ని అగ్నినక్షత్రం రోజులంటారు. చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే, ఎండ మండుతోంది.

‘ఎండ నిప్పులా కాలుస్తోంది.’ ఇది ఉపమ. వర్ణిస్తున్న వస్తువు ఎండ, అది ఉపమేయం. పోలికకు తెచ్చుకున్నది నిప్పు, అది ఉపమానం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం కాల్చడం, సమానధర్మం. ‘లా’ ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదో ఒకటి లోపిస్తే లుప్తోపమ. ‘ఎండ నిప్పులా ఉంది’ అంటే సమానధర్మం జారిపోయింది, లుప్తోపమ అయింది.

‘ఎండనిప్పుల్లో ఊరు మాడుతోంది.’ ఇక్కడ పోలిక మాట లేదు, ఎండే నిప్పు. రెండింటికీ భేదం లేదని చెప్పడం రూపకం.

‘ఆకాశంలో ఎవరో కొలిమి రాజేశారు కాబోలు, ఎండ ఇలా ఉంది.’ ఇది ఉత్ప్రేక్ష. కవి పోల్చడం లేదు, ఊహిస్తున్నాడు. పిల్లలు ఇక్కడే ఎక్కువగా తడబడతారు, ఎందుకంటే ‘కొలిమి రాజేసినట్టు ఉంది’ అని రాస్తే ‘అట్టు’ చూసి ఉపమ అనేస్తారు. పోలిక మాట ఒక్కటే చూస్తే నిర్ణయం కుదరదు. ఉపమలోని నిప్పు లోకంలో ఉన్నదే. ఉత్ప్రేక్షలో ఆకాశపు కొలిమి ఎక్కడా లేదు, కవి దాన్ని అప్పటికప్పుడు కల్పించాడు.

‘ఎండా ఇది, నిప్పా?’ అంటే సందేహం. ‘ఇది ఎండ కాదు, నిప్పు’ అంటే అపహ్నుతి, అసలుదాన్ని కాదని దాచడం. ‘నిప్పయినా తెల్లారేసరికి ఆరుతుంది, ఈ వేడి ఆరదు’ అంటే వ్యతిరేకం, ఉపమానం కన్నా ఉపమేయమే ఎక్కువని చూపడం.

‘నిప్పులు కురుస్తున్నాయి.’ వాక్యంలో ఎండ అనే మాటే లేదు. ఉపమానం ఉపమేయాన్ని మింగేసిందని శాస్త్రం అంటుంది. దీనికి పేరు రూపకాతిశయోక్తి.

ఇంగ్లీషు తరగతిలో ఇంతటినీ రెండు గడుల్లో పెట్టేయవచ్చు. పోలిక మాట కనిపిస్తే సిమిలీ, లేకపోతే మెటఫర్. కాబట్టి మెటఫర్ అంటే రూపకం అని పట్టిక రాస్తే అబద్ధం కాదు గానీ, మెటఫర్ గడి మన రూపకం కన్నా చాలా పెద్దది. అందులో రూపకం, అపహ్నుతి, రూపకాతిశయోక్తి అన్నీ పడతాయి. అతిశయోక్తి అంటే హైపర్బోలీ అన్న సమీకరణానిదీ ఇదే కథ. ‘తారురోడ్డు మీద పిండి పోస్తే దోసె అయిపోయింది’ అన్నది రెండు భాషల్లోనూ సరిపోతుంది. ‘నిప్పులు కురుస్తున్నాయి’ని మాత్రం తెలుగు శాస్త్రం అతిశయోక్తి కుటుంబంలో చేరుస్తుంది, ఇంగ్లీషు టీచరు మెటఫర్ అంటుంది. ఇద్దరూ సరిగ్గానే దిద్దుతున్నారు.

ఇంకో చిన్న చిక్కు కూడా ఉంది. నాటకాన్ని కూడా రూపకమే అంటారు, దశరూపకాలు అన్నది ఆ అర్థంలోనే. రేడియోలో వినిపించే సంగీత రూపకం అక్కణ్ణుంచి వచ్చింది. డిసెంబరు కచేరీల్లో వినపడే రూపకం మాత్రం తాళం.

కంచి నుంచి నాలుగు దిక్కులకు

తమిళ పుస్తకంలో ఉవమై (ఉపమ), ఉరువగం (రూపకం) అన్న పేర్లు చూసి ‘ఇవి మనవే కదా’ అనిపించడం సహజం. ఆ పోలిక వెనక ఒక గ్రంథముంది. చెన్నైకి దగ్గర్లోని కాంచీపురంలో, పల్లవుల కాలంలో ఉన్నవాడని ఎక్కువమంది పండితులు చెప్పే దండి సంస్కృతంలో కావ్యాదర్శం రాశాడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట నృపతుంగుడి ఆస్థానంలో వెలువడిన కన్నడ కవిరాజమార్గం దాన్ని ఆధారం చేసుకుంది. తమిళంలో దండియలంగారం అయితే పేరులోనే దండిని పెట్టుకుంది. సింహళంలోకీ టిబెటన్‌లోకీ కూడా ఆ గ్రంథం వెళ్ళింది.

అందుకే అలంకారాల విషయంలో తెలుగు, తమిళ పేర్లు దాదాపు జంటలుగా నడుస్తాయి. మన ఉత్ప్రేక్ష అక్కడ తఱ్కుఱిప్పేట్ర అణి (అణి అంటే అలంకారం). స్వభావోక్తి తన్మై అణి. అర్థాంతరన్యాసం వేట్రుప్పొరుళ్ వైప్పణి. శ్లేష సిలేడై. బెంగళూరులో కన్నడం చదివే తెలుగు పిల్లలకైతే ఈ బాధే తక్కువ, ఉపమ, రూపక, ఉత్ప్రేక్ష అని అవే పేర్లు.

సంఖ్య మాత్రం కాలం గడిచేకొద్దీ పెరుగుతూ వచ్చింది. భరతుడి నాట్యశాస్త్రంలో ఉపమ, రూపకం, దీపకం, యమకం అని నాలుగే. దండి చెప్పిన అర్థాలంకారాలు (శబ్దం మీద కాక అర్థం మీద ఆధారపడినవి) 35. 16వ శతాబ్దంలో ఆరణి దగ్గరి అడయప్పలానికి చెందిన అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేనాటికి నూరు దాటాయి. ఈనాటి తెలుగు పాఠ్యపుస్తకాల్లో కనబడే నిర్వచనాలు చాలావరకు ఆ కువలయానందం దారిలోవే. ‘ఉపమాన ఉపమేయాలకు మనోహరమైన పోలిక’ అన్న వాక్యంలో పిల్లలు వల్లెవేస్తూ దాటేసే మాట ‘మనోహరమైన’. ‘గేదె ఆవులా ఉంది’ అన్నదాంట్లో పోలిక ఉంది, అలంకారం లేదు.

రెండో అక్షరం చేసే పని

శబ్దం దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఇక్కడ తెలుగుకు దగ్గరి చుట్టం సంస్కృతం కాదు, తమిళం. ఉదాహరణకని నేను కట్టుకున్న ఒక ద్విపద ఇది:

మైలాపురము దాటి మరిరెండు మలుపు
కూలిన గోడపై కోయిల పలుకు

ద్విపదలో పాదానికి నాలుగు గణాలు, అంటే అక్షరాల గుంపులు: మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మొదటి పాదాన్ని విడదీస్తే మైలాపు, రముదాటి, మరిరెండు, మలుపు. రెండోది కూలిన, గోడపై, కోయిల, పలుకు. ఇప్పుడు ఒక్కో పాదంలో రెండో అక్షరం చూడండి: ‘లా’, ‘లి’. హల్లు రెండుచోట్లా ‘ల’. ఇదే ప్రాస. దానికి ముందున్న అక్షరం రెండు పాదాల్లోనూ ఒకేలా ఉండాలి: గురువైతే (రెండు మాత్రల అక్షరం) రెండుచోట్లా గురువు, లఘువైతే (ఒక మాత్ర) రెండుచోట్లా లఘువు. ‘మై’, ‘కూ’ రెండూ గురువులు, సరిపోయింది.

తర్వాత ఒకటో గణం మొదటి అక్షరాన్నీ మూడో గణం మొదటి అక్షరాన్నీ చూడండి. ‘మై’కి ‘మ’, ‘కూ’కి ‘కో’. ఇది యతి, పాత మాటలో వడి. హల్లు కలిస్తే చాలదు, అచ్చులకు కూడా మైత్రి ఉండాలి. అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు. ఇ, ఈ, ఎ, ఏ ఇంకొకటి. ఉ, ఊ, ఒ, ఓ మరొకటి.

ఈ లెక్కను తమిళ మాస్టారి ముందు పెడితే ఆయన వెంటనే గుర్తుపడతాడు. రెండో అక్షరం కలయిక ఎదుగై, దానికి ముందున్న అక్షరాల మాత్ర సరిపోవాలన్న నియమంతో సహా. మొదటి అక్షరాల కలయిక మోనై, అచ్చుల జట్లు కూడా అచ్చంగా ఇవే. ఒకటో సీరుకీ (మన గణం లాంటిది) మూడో సీరుకీ మోనై పడితే దాన్ని పొళిప్పు మోనై అంటారు. మన ద్విపదలో యతి పడిన చోటు సరిగ్గా అదే. పాదాల చివర ‘మలుపు’, ‘పలుకు’లలో వినపడే ‘ఉ’ ధ్వనిని ఇంకాస్త బలంగా కలిపివుంటే తమిళంలో అది ఇయైబు, తెలుగులో అంత్యప్రాస, ఇంగ్లీషులో రైమ్. ఇంట్లో అందరూ ప్రాస అనేది ఈ మూడోదాన్నే.

తేడాలూ ఉన్నాయి. హల్లుల జట్లు తెలుగులో వర్గాల వారీగా నడుస్తాయి, ‘క’కు ‘గ’ చెల్లుతుంది. తమిళంలో ‘చ’కు ‘త’, ‘మ’కు ‘వ’ చెల్లుతాయి. తెలుగు వృత్తంలో యతి తప్పితే యతిభంగం, పద్యం పోయినట్టే. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండోది, శార్దూలంలో పదమూడోది, మత్తేభంలో పద్నాలుగోది యతిస్థానం, మినహాయింపు లేదు. ఆటవెలది, తేటగీతి, సీసం మాత్రం ప్రాస నియమం నుంచి తప్పించుకున్నాయి.

బెంగళూరు పిల్లలకు చిక్కు వచ్చేది ఇక్కడే. కన్నడంలో రెండో అక్షరం ప్రాస ఉంది, ఆదిప్రాస అంటారు, అది మనదే. యతి అన్న మాట మాత్రం అక్కడ, సంస్కృతంలో లాగానే, పాదం మధ్య ఊపిరి తీసుకునే విరామం. తెలుగు యతిలో ఆగాల్సిన పని లేదు, మాట మధ్యలో పడినా ఫరవాలేదు, అక్షరం కలవాలంతే. ఒకే పేరుకు రెండు పనులు ఉన్నాయని ముందే చెప్తే సగం మార్కులు మిగులుతాయి.

అలంకారాల జాబితాలో దొరకని ‘కోట’

చెన్నైలో ‘కోట ఇంకా ఏమీ చెప్పలేదు’ అంటే ప్రభుత్వం నిర్ణయం ప్రకటించలేదని అర్థం. సచివాలయం సెయింట్ జార్జి కోటలో ఉంది కాబట్టి పత్రికలకూ జనానికీ ఆ వాడుక అలవాటైంది. బెంగళూరులో ఆ పని విధానసౌధ చేస్తుంది. ఇంగ్లీషులో దీన్ని మెటానిమీ అంటారు. తెలుగు పేరు కోసం అలంకారాల జాబితా ఎంత తిరగేసినా తేలిగ్గా దొరకదు, ఎందుకంటే మనవాళ్ళు దాన్ని వేరే గదిలో పెట్టారు.

మాటకు అర్థమిచ్చే శక్తులు మూడని శాస్త్రం చెబుతుంది: అభిధ (నేరైన అర్థం), లక్షణ (దానికి సంబంధమున్న మరో అర్థం), వ్యంజన (చెప్పకుండా తోచే అర్థం). ‘కోట’ లక్షణకు చక్కని ఉదాహరణ. లక్షణ కావాలంటే మూడు షరతులు తీరాలి. ఒకటి, నేరైన అర్థం కుదరకూడదు: రాళ్ళ గోడ మాట్లాడదు. రెండు, ఆ అర్థానికీ కొత్త అర్థానికీ సంబంధం ఉండాలి: ప్రభుత్వం కూర్చునేది ఆ గోడల లోపలే. మూడు, వాడుకలో స్థిరపడి అయినా ఉండాలి, లేదా ప్రత్యేక ప్రయోజనమైనా ఉండాలి: ఇక్కడ వాడుక. ‘ఆ ఇంట్లో తిండికి ఆరు నోళ్ళు’ అంటే నోరు మనిషికి నిలబడింది, ఇంగ్లీషులో సినెక్డొకీ, మనకు ఇదీ లక్షణే.

గలగల, చిటపట లాంటి మాటలు కూడా ఇలాగే దారి తప్పుతాయి. ఇంగ్లీషు జాబితాలో ఆనమటోపియా పెద్ద డివైస్. తెలుగులో అవి ధ్వన్యనుకరణాలు, వ్యాకరణం చూసుకునే సరుకు. వీటిని ‘ధ్వని’ అని మాత్రం రాయకూడదు, సాహిత్యంలో ఆ పేరు మరో పెద్ద వ్యవహారానికి పోయింది.

‘సూర్యుడు అస్తమించాడు’ కవిత్వమేనా?

ఈ వాక్యం మీద మన ఆలంకారికులు కొన్ని వందల ఏళ్ళు మాట్లాడుకున్నారు. నా దృష్టిలో పాఠ్యపుస్తకాలు చెప్పకుండా వదిలేసే అతి రుచికరమైన భాగం ఇదే.

సంస్కృత ఆలంకారికుడు భామహుడి వాదన కటువుగా ఉంటుంది. సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్ళకు పోతున్నాయి, ఇలాంటిది కావ్యమా, దీన్ని వార్త అంటారు అన్నాడు. మాట తిన్నగా పోకుండా ఒక వంపు తిరగాలి, ఆ వక్రత లేకపోతే అలంకారమే లేదన్నది ఆయన పక్షం. దండి అదే వాక్యం తీసుకుని, సమయాన్నో స్థితినో తెలపడానికి ఇది బాగానే ఉందన్నాడు. అంతేకాదు, ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్ళకు కట్టించే స్వభావోక్తిని అలంకారాల వరసలో మొట్టమొదట నిలబెట్టాడు. తమిళ దండియలంగారం కూడా తన్మైతోనే మొదలవుతుంది. వీళ్ళిద్దరిలో ఎవరు ముందు, ఎవరు ఎవరికి జవాబు చెప్పారు అన్నదాని మీద పండితులకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

తర్వాత, వక్రతే కవిత్వానికి ప్రాణమన్న కుంతకుడు ఒక గట్టి ప్రశ్న వేశాడు. వస్తువు స్వభావమే కవిత్వానికి శరీరం, ఆ శరీరమే నగ అయితే నగ పెట్టుకునేది ఎవరు? తర్కంగా చూస్తే దీనికి జవాబు చెప్పడం కష్టం. మరి మే ఎండ దగ్గరికే వెళ్దాం. ‘మధ్యాహ్నం రెండింటికి పాండీ బజారులో ఒక కుక్క ఆగివున్న ఆటో నీడలోకి దూరి, పొట్ట నేలకానించి, నాలుక వేలాడేసి, ఈగ వాలిన చెవిని మాత్రం ఆడిస్తోంది.’ పోలిక లేదు, ఊహ లేదు, వంపు లేదు. అయినా ‘నిప్పులా’ అన్నదాని కన్నా ఎండ ఇక్కడే ఎక్కువ తగులుతుంది. ఆ చెవిని ఎంచుకోవడంలో కవి పని ఉంది. నేను దండి వైపు మొగ్గుతాను. కుంతకుడి పక్షం వాళ్ళు ఆ ఎంపికే వక్రత అంటారు, అదీ తోసెయ్యదగ్గ మాట కాదు.

9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు వచ్చి చర్చ చోటే మార్చేశాడు. కవిత్వానికి ప్రాణం చెప్పిన అర్థంలో లేదు, చెప్పకుండా తోచే అర్థంలో ఉంది, అదే ధ్వని అన్నాడు. 11వ శతాబ్దపు ఆలంకారికుడు మమ్మటుడు మళ్ళీ అదే సూర్యాస్తమయాన్ని ఉదాహరణగా తెచ్చాడు. ఎవరు ఎవరితో అన్నారన్నదాన్ని బట్టి ఆ ఒక్క మాటే పశువుల్ని మళ్ళించమనో, పని చాలించమనో, ప్రియుడి దగ్గరికి వెళ్ళే వేళయిందనో అవుతుంది. మెరీనాలో ‘పొద్దుపోయింది’ అన్న మాటనే తీసుకోండి. అమ్మమ్మ మనవడితో అంటే ఇక నీళ్ళలోంచి బయటికి రమ్మని. సుండల్ అమ్మే అతను తోటివాడితో అంటే ఇప్పుడే బేరం మొదలవుతుందని. ఇద్దరి నోటా మాట ఒకటే, నిఘంటువులో అర్థం ఒకటే.

తమిళ పాఠంలో సంగం పద్యాలకు ఉళ్ళుఱై అని వివరణ వస్తే, ఆ పిల్లలకు ధ్వని కొంత చేరువవుతుంది. కొండ, కోతి, పనసపండు గురించి చెప్పినట్టే చెప్పి లోపల నాయికానాయకుల సంగతి దాచడం అది. రెండూ ఒకటే అని రాయకూడదు. ఉళ్ళుఱైకి ఆ నేల చెట్టూ పుట్టా జంతువూ కావాలి, ధ్వనికి ఆ కట్టుబాటు లేదు.

ఇన్ని పేర్లు పిల్లలకు అవసరమా అన్నదాని మీద ఉపాధ్యాయుల్లో రెండు మాటలున్నాయి. పేరు తెలిస్తేనే కన్ను ఆగుతుంది, ఉత్ప్రేక్ష అన్న మాట లేని పిల్లకు పోలికా ఊహా ఒకటిగానే కనబడతాయని కొందరు. పేరు రాసి రెండు మార్కులు తెచ్చుకున్న పిల్లలు పద్యాన్ని మళ్ళీ చూడరని మరికొందరు. పరీక్ష ‘అలంకారాన్ని గుర్తించండి’ దగ్గరే ఆగిపోతే రెండో మాటే నిజమవుతుంది. ‘సమన్వయించండి’ అని కూడా అడిగే ప్రశ్నపత్రంలో మొదటి మాటకు బలం వస్తుంది.

ఒకే మాటకు రెండు జవాబులు ఎప్పుడు

ఒక వాక్యంలో రెండు అలంకారాలు ఉంటే ఏది రాయాలి? దీనికి శాస్త్రమే రెండు గడులు ఇచ్చింది. ‘కణకణ కాలే కొలిమిలా ఎండ’ అన్నదాంట్లో ‘క’ మళ్ళీ మళ్ళీ రావడం వృత్త్యనుప్రాస, పోలిక ఉపమ. ఒకటి తీసేసినా ఇంకోటి నిలుస్తుంది. ఇలా నువ్వులూ బియ్యంలా విడదీయగలిగితే సంసృష్టి, పాలూ నీళ్ళలా విడదీయలేకపోతే సంకరం.

సంకరానికి పాతకాలం నుంచీ ఉన్న ఉదాహరణ ‘ముఖచంద్రుడు’. చంద్రుడి వంటి ముఖం అనుకుంటే ఉపమ, ముఖమే చంద్రుడు అనుకుంటే రూపకం. పక్కనున్న క్రియ తీర్పు చెబుతుంది. ‘ఆమె ముఖచంద్రుడు వెన్నెల కురిపించాడు’ అంటే వెన్నెల చంద్రుడి పని కాబట్టి రూపకం. ‘ముఖచంద్రుణ్ణి ముద్దాడింది’ అంటే ముద్దు ముఖానికే కాబట్టి ఉపమ. ‘ముఖచంద్రుణ్ణి చూశాను’ అంటే రెంటికీ సరిపోతుంది, తీర్పు లేదు, దాన్ని సందేహసంకరమంటారు.

తమిళంలో ఈ తగువు పదాల వరసతోనే తేలిపోతుంది. ‘మలర్‌ముగం’ అంటే పువ్వు ముందు, ముఖం తర్వాత, అది ఉవమైత్తొగై (పోలిక సమాసం). ‘ముగమలర్’ అంటే ముఖం ముందు, పువ్వు తర్వాత, అది ఉరువగం. తెలుగు సమాసాల పాఠంలో వరస అంత పని చేయదు. ‘తేనెమాట’ ఉపమాన పూర్వపద కర్మధారయం, ‘ముఖపద్మం’ ఉపమాన ఉత్తరపద కర్మధారయం, రెండూ పోలికలే. రూపక సమాసమనడానికి ‘సంసారసాగరం’, ‘విద్యాధనం’ లాంటివి చూపిస్తారు. కాబట్టి ముఖం, పువ్వు అన్న రెండు మాటలే అదే వరసలో తమిళ పేపరులో వస్తే ఉరువగం అని, తెలుగు పేపరులో వస్తే ఉపమాన ఉత్తరపద కర్మధారయం అని రాసిన అమ్మాయికి రెండుచోట్లా పూర్తి మార్కులు పడాలి.